సున్తీ ఆపరేషన్: పెద్దాసుపత్రా, ప్రైవేటు స్టేప్లరా?

కర్నూలు పెద్దాసుపత్రిలో కుట్లతో చేసే సున్తీకి ఆపరేషన్ ఖర్చుండదు. కానీ ఓపీ చీటీ, రక్తపరీక్షలు, తేదీ కోసం తిరిగే రోజుల కూలీ పోతుంది. ప్రైవేటులో స్టేప్లర్‌తో (చర్మం కోస్తూనే కుట్లకు బదులు చిన్న పిన్నులు వేసే పరికరం) పది పదిహేను నిమిషాల్లో అయిపోతుంది, రక్తం తక్కువ పోతుంది, బిల్లు వేలల్లో. అప్పు చేసి మరీ దానికి పోనక్కర్లేదు, ఎందుకంటే కుట్లతో చేసినా గాయం బాగానే మానుతుంది. ఎక్కడ చేయించినా బరువు పనికి డాక్టరు చెప్పేదాకా, కాపురానికి 6 వారాలు ఆగాలి. తొందరపడితే కుట్లు తెగొచ్చు. పిన్నులు 2-3 వారాల్లో వాటంతటవే రాలతాయి. చర్మంలో ఇరుక్కున్నదాన్ని గిల్లకుండా డాక్టరుతో తీయించాలి. షుగరుంటే ముందు అది అదుపులోకి రావాలి.

ముందరి చర్మం బిగుసుకుపోయి మూత్రానికి మంటెత్తుతున్నా, ‘మతం మారినావా?’ అంటారని దాచుకునేవాళ్లున్నారు. ఇది జబ్బుకు వైద్యం, అంతే. ఈ మాట ముందు భార్యకు చెప్పండి, కట్టు మార్చేటప్పుడు ఆమె సాయం కావాలి.