నేపాల్‌కి భూమార్గంలో వెళ్ళాలంటే ఓటరు కార్డా, పాస్‌పోర్టా?

ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దునే ఉన్న పర్లాకిమిడిలో మా వీధికంతటికీ దరఖాస్తులు నింపిపెట్టే పని ఎలాగో నా మెడకు చుట్టుకుంది. మేం పోయిన వేసవిలో పశుపతినాథుడినీ ముక్తినాథుడినీ చూసి వచ్చామని తెలిసినప్పటి నుంచి మాత్రం అందరిదీ ఒకటే ప్రశ్న. కూరల బండి దగ్గర కూడా వదలడం లేదు. "నేపాల్‌కి ఓటరు కార్డు చాలటగా పిన్నీ? మరి మీరు పాస్‌పోర్టు ఎందుకు తీయించారు?" అడిగినవాళ్ళందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇది రాస్తున్నా.

మేం వెళ్ళింది ఏడుగురం. నేనూ మా ఆయనా పాస్‌పోర్టులతో, అత్తగారూ మావగారూ ఓటరు కార్డులతో, మా అమ్మ ఆధార్‌తో, పిల్లలిద్దరూ చెరో రకం కాగితంతో. ఒక్క ప్రయాణంలో అన్నిటినీ పరీక్ష పెట్టి చూసినట్టే అయింది.

ముందు ఆధార్ సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే "ఆధార్ ఉందిగా, ఇంకేం కావాలి" అనేవాళ్ళే ఎక్కువ. 15 ఏళ్ళలోపు పిల్లలకూ 65 దాటిన పెద్దలకూ ఆధార్ చెల్లుతుంది. మధ్యలో ఉన్నవాళ్ళకి అది ప్రయాణ పత్రం కాదు. మా అమ్మకి 68 కాబట్టి గొడవ లేదు. మావగారికి 65 నిండడానికి ఏడు నెలలు తక్కువ. "అయితే ఏడు నెలలు ఆగి వెళ్దామా?" అని ఆయన నిజంగానే అడిగారు.

ఇక అసలు పోటీ రెండింటి మధ్యే. ఎన్నికల సంఘం ఇచ్చిన ఓటరు కార్డు, లేదా చెల్లుబాటులో ఉన్న పాస్‌పోర్టు. ఈ రెంటిలో ఏదున్నా మన దేశస్థులు నేపాల్ వెళ్ళవచ్చు, రావచ్చు. 1950లో రెండు దేశాలూ చేసుకున్న ఒప్పందం వల్ల వీసా అక్కర్లేదు. భూమార్గంలో అయితే పాస్‌పోర్టు ఉన్నా దాని మీద ముద్ర కూడా వెయ్యరు. మా ఆయనకి ఇది పెద్ద నిరాశ. కొత్త పాస్‌పోర్టులో మొదటి ముద్ర పడుతుందని ఎంతో ఆశపెట్టుకున్నాడు పాపం.

ఖర్చు దగ్గర పోటీయే లేదు. ఓటరు కార్డు ఇంట్లో ఉన్నదే, దానికి గడువంటూ లేదు. పాస్‌పోర్టుకి 36 పేజీలదైతే 1,500 రూపాయలు, తత్కాల్ కావాలంటే ఇంకో 2,000. 60 దాటినవాళ్ళకి పది శాతం తగ్గింపు ఉంది. డబ్బు కన్నా తిరుగుడు ఎక్కువ. 2018 నుంచి దేశంలో ఎక్కడైనా దరఖాస్తు పెట్టుకోవచ్చు కాబట్టి మేం భువనేశ్వర్ పోకుండా విశాఖలో పెట్టుకున్నాం. పోలీసు విచారణ మాత్రం మన ఊరి స్టేషన్ నుంచే. జన్మకో తీర్థయాత్ర అనుకునే ముసలివాళ్ళని ఇంత తిప్పడం దేనికి అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించి, అత్తామావలకి ఓటరు కార్డులు చాలనుకున్నాను. చట్టం ప్రకారం అది సరైన నిర్ణయమే.

కానీ చట్టం రాసినవాళ్ళకి మన పేర్ల సంగతి తెలియదు.

మనం ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఆఫీసులో ఇంగ్లిషు. మన పేరు ఈ మూడు గుమ్మాలూ దాటేసరికి మనమే గుర్తుపట్టలేని రూపానికి వస్తుంది. ఒడియా నోట్లో ‘వ’ పలకదు, ‘బ’ అవుతుంది. మా మావగారు వెంకటరమణ. ఓటరు కార్డులో బెంకట రమణ, ఇంగ్లిషులోనూ ‘బి’తోనే. పదం మొదట్లో వచ్చే ‘య’ వాళ్ళకి ‘జ’. అందుకని అత్తగారు యశోద కాస్తా జశోద. పక్కింటి సూర్యనారాయణ గారు సూర్జ్య నారాయణ్. ఇంటిపేరు ఒక కార్డులో ముందుంటుంది, ఇంకో కార్డులో చివరికి పోతుంది, మూడోదాంట్లో అసలే ఉండదు. ఇందులో ఎవరి తప్పూ లేదు. రాసుకున్న గుమాస్తా తన చెవికి వినపడినట్టు రాశాడు, మనం చదువుకోకుండా సంతకం పెట్టాం. ఆధార్ వచ్చేనాటికి జాగ్రత్తపడి ‘వెంకట’ అనే రాయించుకున్నాం. అక్కడితో ఒకే మనిషి రెండు కార్డుల్లో ఇద్దరయ్యాడు.

ఇళ్ళ దగ్గర ఇది ఎవరికీ పట్టదు. మహేంద్రతనయ నది దాటి ఆంధ్రలోని పాతపట్నం వెళ్ళడానికి ఏ కార్డూ అక్కర్లేదు. బెంకట అయినా వెంకట అయినా బస్సు టికెట్ ఒకటే రేటు.

సరిహద్దులో కూడా పెద్దగా పట్టలేదని ముందే చెప్పేస్తాను. పలాసలో రైలెక్కి హౌరా, అక్కడి నుంచి మిథిలా ఎక్స్‌ప్రెస్‌లో రక్సౌల్ చేరాం. స్టేషన్ నుంచి ఈ-రిక్షాలో వంతెన దాకా వెళ్ళాం. ఒకటే దుమ్ము. సరుకు లారీల వరస, వాటి మధ్యలోంచి సైకిళ్ళు, గుర్రపు బళ్ళు. వంతెన ఇవతల మన సశస్త్ర సీమా బల్ జవాను కార్డులు చూపించమన్నాడు. మావగారిది పాత కార్డు, లామినేషన్ అంచులు విడిపోయి ఉంది, ఫొటో నలుపు తెలుపు. అందులో ఆయనకి జుట్టు దట్టంగా, మీసం నల్లగా ఉంటుంది. జవాను కార్డుని పైకెత్తి ఆయన మొహం పక్కన పెట్టి చూశాడు. బట్టతలని చూశాడు. "బాబా, ఇది మీరేనా?" అని హిందీలో అడిగి, నవ్వి, వెనక్కి ఇచ్చేశాడు. పేరు చదవనే లేదు. మా పాస్‌పోర్టులయితే తెరవను కూడా లేదు. అయిదు నిమిషాల్లో బీర్‌గంజ్‌లో ఉన్నాం.

అక్కడితో ఆగితే ఓటరు కార్డు గెలిచినట్టే. వచ్చేటప్పుడు కథ మారింది.

ముక్తినాథ్‌లో నడకకి అత్తగారి మోకాళ్ళు వాచిపోయాయి. పోఖరా నుంచి కాఠ్మండు బస్సులో రావడమే గగనమైంది. అక్కడి నుంచి మళ్ళీ రక్సౌల్ దాకా ఘాట్ రోడ్డంటే ఆవిడ ఏడుపు మొహం పెట్టారు. పిల్లల్ని తీసుకుని మా ఆయన బస్సులో బయల్దేరాడు. ముగ్గురు పెద్దవాళ్ళతో నేను కలకత్తా విమానానికి టికెట్లు తీసుకున్నా. హడావుడిలో ఫోన్‌లో నోటికొచ్చినట్టే పేర్లు కొట్టాను. వెంకటరమణ, యశోద. ఆధార్‌లో ఉన్నట్టే.

నేపాల్ నుంచి మన దేశానికి విమానంలోనూ ఓటరు కార్డు చెల్లుతుంది. కాకపోతే కార్డులో పేరూ టికెట్‌లో పేరూ కలవాలి. కౌంటర్ దగ్గర నా పాస్‌పోర్టు చూసి రెండు నిమిషాల్లో బోర్డింగ్ పాస్ ఇచ్చారు. అమ్మ ఆధార్ చూసి, వయసు లెక్క కట్టుకుని ఆవిడకీ ఇచ్చారు. అత్తామావల దగ్గర ఆగిపోయింది. టికెట్‌లో ‘వి’, కార్డులో ‘బి’. టికెట్‌లో ‘వై’, కార్డులో ‘జె’. "వీళ్ళు వేరే మనుషులు కదా" అంది ఆ అమ్మాయి, చాలా మర్యాదగానే. ఒడియాలో ‘వ’ ఎలా ‘బ’ అవుతుందో కాఠ్మండు విమానాశ్రయంలో ఒక నేపాలీ అమ్మాయికి నా హిందీలో వివరించాను. జీవితంలో మరచిపోలేను. నలభై నిమిషాలు నిలబెట్టారు. పై అధికారి వచ్చి, ఆధార్ కార్డులు తీయించి, పుట్టిన తేదీలూ తండ్రి పేర్లూ కలిపి చూసి చివరికి వదిలాడు. అత్తగారు ఆ నలభై నిమిషాలూ ట్రాలీ మీదే కూర్చున్నారు. ఆవిడకంటే నాకే ఎక్కువ టెన్షన్.

తర్వాత తెలిసింది, మా ఆయన్నీ పిల్లల్నీ రక్సౌల్ వంతెన మీద ఎవరూ ఏమీ అడగలేదట.

అందుకని నా లెక్కలో ధర కన్నా తిరుగుడు కన్నా పేరే పెద్దది. పాస్‌పోర్టులో పేరు ఇంగ్లిషులో ఒక్కటే రూపంలో ఉంటుంది. ఇంటిపేరుకి ఒక గడి, మన పేరుకి ఒక గడి. అది తీయించుకునే వంకన అయినా అన్ని కాగితాల్లో పేరు ఒకటి చేసుకోక తప్పదు, లేకపోతే దరఖాస్తే ముందుకి కదలదు. మెట్రిక్ సర్టిఫికెట్‌లో ‘బిశ్వనాథ్’ అనీ ఆధార్‌లో ‘విశ్వనాథం’ అనీ ఉన్న మా ఆయనకి దీనికే మూడు నెలలు పట్టింది. అప్పుడు తిట్టుకున్నాం. ఇప్పుడు ఆ మూడు నెలలే పాస్‌పోర్టు మాకు చేసిన మేలు అనిపిస్తోంది.

పిల్లల సంగతికీ పేరే అడ్డం వస్తుంది. మా అమ్మాయికి 11 ఏళ్ళు, ఆధార్ సరిపోయింది. అబ్బాయికి 16. 15 నుంచి 18 మధ్యవాళ్ళకి బడి ప్రిన్సిపాల్ నిర్ణీత నమూనాలో గుర్తింపు పత్రం ఇవ్వాలి. కుటుంబంగా వెళ్తే పెద్దవాళ్ళలో ఒకరికి సరైన పత్రం ఉండి, మిగతావాళ్ళు ఫొటో ఉన్న గుర్తింపూ బంధుత్వం రుజువూ చూపిస్తే చాలన్న వెసులుబాటు కూడా ఉంది. ఇందులో బంధుత్వం అన్న ముక్క దగ్గరే మనకి చిక్కు. పిల్లాడి బడి కార్డులో తండ్రి పేరు ‘బి’తో ఉండి, తండ్రి కార్డు ‘వి’తో ఉంటే ఏం రుజువవుతుంది? పెళ్ళయిన ఆడవాళ్ళకి ఇంకో మెలిక. కొందరి ఓటరు కార్డులో తండ్రి పేరే ఉంటుంది, రేషన్ కార్డులో భర్త పేరు. పాస్‌పోర్టుకయితే పెళ్ళయ్యాక ఇంటిపేరు మార్చుకోవాలన్న నిర్బంధం లేదు. నేను పుట్టింటి ఇంటిపేరే ఉంచుకున్నాను. మావగారు రెండ్రోజులు మూతి ముడుచుకున్నారు, సర్దుకున్నారు.

అక్కడ కార్డు పోతే ఏం చేయాలి అని మొన్న ఒకామె అడిగింది. కాఠ్మండులో లైన్‌చౌర్ దగ్గర మన రాయబార కార్యాలయం ఉంది, బీర్‌గంజ్‌లో కాన్సులేట్ ఉంది. తిరిగి రావడానికి అత్యవసర ధ్రువపత్రం ఇస్తారు. దానికి మీరు భారతీయులేనని ముందు రుజువు కావాలి. 2025 సెప్టెంబరులో కాఠ్మండులో అల్లర్లు జరిగి ప్రభుత్వమే పడిపోయినప్పుడు, ఆంధ్ర ప్రభుత్వం ప్రత్యేక విమానం పెట్టి తెలుగువాళ్ళని వెనక్కి తెచ్చింది. టీవీలో అది చూస్తూ మావగారు ఒక మాటన్నారు. "మనం తెలుగువాళ్ళమే, కార్డు ఒడిశాది. మనల్ని ఏ లిస్టులో వేసేవాళ్ళు?" నా దగ్గర జవాబు లేదు. అప్పటి నుంచి పాస్‌పోర్టు మొదటి, చివరి పేజీల జెరాక్సులు విడిగా ఇంకో సంచిలో పెట్టుకోమని అందరికీ చెబుతున్నా. ఓటరు కార్డుతో వెళ్ళేవాళ్ళూ అంతే, రెండు వైపులా. ఫోన్‌లో ఫొటో ఉందిలే అనుకోకండి, ఒరిజినల్ జేబులో ఉండాలి.

రెండు రాష్ట్రాల ఓటరు కార్డులున్నవాళ్ళు కూడా మనవైపు ఉన్నారు. ఆంధ్రా ఒడిశా రెండూ మావేనంటున్న కోరాపుట్ జిల్లా కొఠియా గ్రామాల గొడవ అందరికీ తెలిసిందే. రెండూ పట్టుకెళ్తే పని సులువవుతుందని ఒకాయన నాతో అన్నాడు. దయచేసి ఆ పని చెయ్యకండి. రెండు చోట్ల ఓటరుగా ఉండటమే చట్టవిరుద్ధం, దాన్ని సరిహద్దు దాకా తీసుకెళ్ళి చూపించుకోవడం ఎందుకు?

మిగతా సరిహద్దులు రెండు ముక్కల్లో. భూటాన్‌కి కూడా పాస్‌పోర్టో ఓటరు కార్డో సరిపోతుంది. పాస్‌పోర్టయితే ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. ప్రవేశ అనుమతి తీసుకోవాలి, మనిషికి రాత్రికి 1,200 రూపాయల రుసుము కట్టాలి. బంగ్లాదేశ్‌కి పాస్‌పోర్టూ వీసా రెండూ ఉండాల్సిందే. పాకిస్తాన్ వెళ్ళే అట్టారీ దారి 2025 ఏప్రిల్‌లో మూసేశారు, కర్తార్‌పుర్ దారి మేలో. కైలాస మానస సరోవరానికి పాస్‌పోర్టు తప్ప ఇంకో మాట లేదు.

ఇంతకీ ఏది తీసుకోవాలంటారా? ఓటరు కార్డు తీసి ఆధార్ పక్కన పెట్టి, ఇంగ్లిషు అక్షరాలు ఒక్కొక్కటీ వేలు పెట్టి కలిపి చూడండి. కలిస్తే, వెళ్ళేదీ వచ్చేదీ రోడ్డు మీదే అయితే, పెద్దవాళ్ళకి ఓటరు కార్డే హాయి. కలవకపోతే ఫారం-8 పెట్టి దిద్దించుకోండి, రూపాయి ఖర్చు లేదు. 50 లోపువాళ్ళకి మాత్రం నా ఓటు పాస్‌పోర్టుకే. మోకాళ్ళు ఎప్పుడు వాస్తాయో, విమానం ఎప్పుడు ఎక్కాల్సి వస్తుందో ఎవరికి తెలుసు?

తిరిగొచ్చాక మావగారికి ఫారం-8 నేనే పెట్టాను. మొన్న ఆదివారం బూత్ లెవెల్ అధికారి విచారణకి ఇంటికొచ్చాడు. ఒడియా కుర్రాడు, మంచివాడు. కార్డు అటూ ఇటూ తిప్పి పైకి చదివాడు. "బెంకట రమణ. సరిగ్గానే ఉంది కదా మావుసా, ఇందులో తప్పేముంది?" అన్నాడు.