ఐజీవీ రివ్యూ: బరంపురంలో కూర్చుని కణితి జీనోమ్ చూడాలంటే

కణితి డీఎన్‌ఏలో మార్పులు వెతికే ప్రోగ్రామ్ మ్యూటెక్ట్2. అది ఇచ్చిన పట్టికలో గింజెంతో తాలెంతో తేలేది రీడ్లను, అంటే సీక్వెన్సింగ్ మెషీన్ చదివిన డీఎన్‌ఏ తునకలను, కళ్లారా చూసినప్పుడే. అందుకు ఎక్కువమంది వాడేది ఐజీవీ, అంటే ఇంటిగ్రేటివ్ జీనోమిక్స్ వ్యూయర్. బ్రాడ్ ఇన్‌స్టిట్యూట్‌లో పుట్టింది, 2011లో దాని పేపర్ వచ్చింది, పైసా ఖర్చు లేదు. విండోస్, మ్యాక్, లినక్స్ అన్నిటిలోనూ నడుస్తుంది. హైదరాబాదు, బెంగళూరు ల్యాబుల పని బరంపురంలోనో పర్లాకిమిడిలోనో ఇంటి నుంచి చేసేవాళ్లకు ఇది చాలా? చాలు. కాకపోతే దించుకున్నది దించుకున్నట్టే వాడితే క్యాన్సర్ శాంపిల్ దగ్గర మోసపోతారు.

ముందు ఆ సంగతే. అడ్డపొగ (చుట్ట నిప్పు కొనను నోట్లో పెట్టి కాల్చడం) తెచ్చే అంగిలి క్యాన్సర్, గుట్కా, ఖైనీ తెచ్చే బుగ్గ క్యాన్సర్ మన తీరానికి కొత్త కాదు. ఇలాంటి నోటి కణితుల ముక్కలో కణితి కణాలొక్కటే ఉండవు. మామూలు కండ, రక్తకణాలు కలగలిసి వస్తాయి. కణితి వాటా 30 శాతమే అనుకోండి. జీన్ రెండు ప్రతుల్లో ఒకదానికి వచ్చిన మార్పు రీడ్లలో 15 శాతం దగ్గర తేలుతుంది. ఒక్కో చోట ఎన్ని రీడ్లున్నాయో చూపే ఐజీవీ కవరేజ్ పట్టీలో రంగు పడాలంటే మార్పు వాటా డిఫాల్టుగా 0.2 (20 శాతం) దాటాలి. అంటే అసలైన మ్యుటేషన్ ఎదుటే ఉన్నా పట్టీ బూడిదరంగులోనే నిలబడుతుంది, చూసినవాడు "ఏమీ లేదు" అని కొట్టేస్తాడు. ప్రిఫరెన్సెస్‌లో అలైన్‌మెంట్స్ ట్యాబ్ తెరిచి అలీల్ ఫ్రాక్షన్ థ్రెషోల్డ్‌ను, అంటే ఆ వాటా హద్దును, 0.05కి దించండి. ఇన్‌స్టాల్ చేశాక మొదటి పని ఇదే కావాలి.

అదే ట్యాబ్‌లో డౌన్‌శాంప్లింగ్ కూడా చూడండి. అది ఉంటే లోతుగా సీక్వెన్స్ చేసిన (ఒకే చోట చాలా రీడ్లున్న) చోట ఐజీవీ కొన్ని రీడ్లనే ఉంచి మిగతావి చూపించదు. అందుకని వరుసలు లెక్కపెట్టి శాతం తీయకూడదు. కవరేజ్ పట్టీ మీద ఆ బేస్ (డీఎన్‌ఏ అక్షరం) దగ్గర నొక్కితే వచ్చే అంకెలే తీసుకోవాలి.

ఇక కోఆర్డినేట్ల గొడవ. హెచ్‌జీ19, హెచ్‌జీ38 అనేవి మనిషి జీనోమ్ ప్రామాణిక ప్రతి పాత, కొత్త కూర్పులు. క్యాన్సర్లలో తరచు చెడే జీన్ టీపీ53లో ఆర్175హెచ్ అనే మార్పు హెచ్‌జీ19లో 17వ క్రోమోజోమ్ మీద 7,578,406 దగ్గర, హెచ్‌జీ38లో 7,675,088 దగ్గర ఉంటుంది. జీనోమ్ ఒకటి ఎంచుకుని బ్యామ్ (రీడ్లను జీనోమ్ మీద అమర్చి దాచిన ఫైలు) ఇంకోదానికి అమర్చినది ఎక్కిస్తే ఐజీవీ నోరు మెదపదు, తెర నిండా రంగుచుక్కలు చల్లుతుంది. పైగా టీపీ53 మైనస్ స్ట్రాండ్ జీన్, అంటే డీఎన్‌ఏ రెండు పోగుల్లో ఐజీవీ చూపించేదానికి ఎదుటి పోగు మీద ఉంటుంది. రిపోర్టులో జీ నుంచి ఏ అని రాసే ఈ మార్పు ఐజీవీలో సీ నుంచి టీ గా కనిపిస్తుంది. కొత్తవాళ్లు తడబడేది ఎక్కువగా ఇక్కడే.

తాలు, అంటే నకిలీ మార్పులు, ఏరడం ఐజీవీకి బాగా చేతనైన పని. కణితి, నార్మల్ రెండు బ్యామ్‌లూ ఒకదాని కింద ఒకటి పెట్టి, బేస్ ప్రకారం సార్ట్ చేసి, రీడ్ స్ట్రాండ్ ప్రకారం రంగు వేయించండి. మార్పున్న రీడ్లన్నీ ఒకే రంగులో, అంటే ఒకే పోగువి అయి ఉంటే అనుమానించాలి. మార్పులన్నీ రీడ్ల చివరి నాలుగైదు బేసుల్లోనే గుంపుగా ఉంటే పక్కనే సరిగా అమరని ఇండెల్ (కొన్ని అక్షరాలు చేరడం లేదా పోవడం) ఉండొచ్చు. రీడ్లు లోపల తెల్లగా, చుట్టూ గీత మాత్రమే ఉండి కనిపిస్తే మ్యాపింగ్ క్వాలిటీ (రీడ్ చోటు మీద నమ్మకం) సున్నా. జీనోమ్‌లో మరోచోటా సరిపోతున్నాయన్నమాట. కణితి ముక్కను ఫార్మలిన్‌లో నానబెట్టి మైనంలో దిగేసిన బ్లాకులైతే తక్కువ శాతంలో సీ నుంచి టీ మార్పులు విరివిగా వస్తాయి. ఫార్మలిన్ దెబ్బకు సైటోసిన్ అమైన్ కోల్పోవడం వల్ల పుట్టేవి అవి, కణితివి కావు.

ఒక్కోసారి మ్యూటెక్ట్2 చెప్పిన ఇండెల్ ఐజీవీలో కనిపించనే కనిపించదు. తప్పు ఎవరిదీ కాదు. మ్యూటెక్ట్2 ఆ చోట రీడ్లను మళ్లీ అసెంబుల్ చేసుకుంటుంది, ఐజీవీ పాత అమరికనే చూపిస్తుంది. బ్యామ్‌అవుట్ ఆప్షన్‌తో మ్యూటెక్ట్2ను మళ్లీ నడిపి, అది కొత్తగా అమర్చి ఇచ్చిన బ్యామ్ ఎక్కించండి.

నెట్, కరెంటు సంగతి. ఎక్సోమ్ (జీనోమ్‌లో ప్రొటీన్లు తయారుచేసే భాగాలు) బ్యామ్ ఒక్కటే అనేక జీబీలు ఉంటుంది, దాన్ని మొత్తం దించుకోవడం వృథా శ్రమ. అనుమానం ఉన్న చోట్లకు అటు 500, ఇటు 500 బేసులు కలిపి బెడ్ ఫైలు (చోట్ల జాబితా) రాసి, సర్వర్‌లోనే బ్యామ్‌లను కోసే ప్రోగ్రామ్ శామ్‌టూల్స్ వ్యూకి పెద్ద ఎల్ ఆప్షన్‌తో ఇచ్చి ముక్క కోయండి. తర్వాత శామ్‌టూల్స్ ఇండెక్స్ నడపండి; అది ఇచ్చే బీఏఐ ఫైలు పక్కన లేకపోతే ఐజీవీ బ్యామ్‌ను తెరవదు. జీనోమ్ ఎంచుకునేటప్పుడే సీక్వెన్స్ కూడా మెషీన్లోకి దించుకుంటే నెట్ లేకున్నా పని ఆగదు. 2013లో ఫైలిన్ తుపాను చూసిన బరంపురానికి ఈ జాగ్రత్త ఎందుకో చెప్పనక్కర్లేదు.

8 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్ చాలు. ఐజీవీ మెమరీ అంతా మింగి మొరాయిస్తుంటే హోమ్‌లో ఐజీవీ ఫోల్డరులోని జావా ఆర్గ్యుమెంట్స్ ఫైలులో ఎక్స్‌ఎమ్‌ఎక్స్ విలువను (ఐజీవీ వాడుకోగల మెమరీ హద్దును) 4 జీబీకి దించండి. రెండు వందల వేరియంట్లను చేత్తో చూడక్కర్లేదు, గోటు, సార్ట్, స్నాప్‌షాట్ ఆదేశాలతో బ్యాచ్ ఫైలు రాస్తే బొమ్మలు అదే తీసిపెడుతుంది.

కాపీ నంబరు మార్పులు (జీన్ ప్రతులు పెరగడం, తగ్గడం) తేల్చడానికి మాత్రం దీన్ని నమ్ముకోవద్దు. ఐదుకి నాలుగు ఇస్తాను. ఆ ఒక్కటీ తగ్గించింది 0.2 డిఫాల్టు వల్లే.

డెస్క్‌టాప్ ఐజీవీ మీ బ్యామ్‌ను ఎక్కడికీ పంపదు కాబట్టి ఆ భయం లేదు. భయమల్లా స్క్రీన్‌షాట్లతోనే. ట్రాక్ పేరు డిఫాల్టుగా ఫైలు పేరే. ఫైలు పేరులో రోగి పేరుంటే బొమ్మలోనూ పడుతుంది, అది గ్రూపులో తిరుగుతుంది. ముందు ట్రాక్ పేరు మార్చి, ఆ తర్వాతే బొమ్మ తీయండి.