తిరుపతిలో గృహహింస బాధితులకు ఆశ్రయం: నడిపే బోర్డు పనితీరు ఎలా ఉంది?

సంస్థ పేరు, వీధి పేరు ఇక్కడ రాయడం లేదు. షెల్టర్ జాడ బయటపడితే లోపల ఉన్నవాళ్లకే ముప్పు. వార్డెన్, కౌన్సెలర్ల గురించి ఊళ్లో మంచిమాటే వినిపిస్తుంది. వాళ్ల వెనక జీతం లేకుండా పనిచేసే ఏడుగురు బోర్డు సభ్యుల గురించే ఈ రివ్యూ.

అన్నిటికంటే మెచ్చుకోవాల్సింది రాత్రి ఖర్చులకు వాళ్లు చేసిన ఏర్పాటు. పదింటికి ఇద్దరు పిల్లలతో వచ్చిన మనిషికి ఆటో చార్జీ, భోజనం, మందులు, ప్యాడ్లు, ఫోన్ రీచార్జి అప్పటికప్పుడు కావాలి. చెక్కు మీద రెండు సంతకాలు పడేదాకా ఆగితే తెల్లారిపోతుంది. అందుకే వార్డెన్ చేతిలో ఎప్పుడూ 5,000 రూపాయలు ఉండేలా తీర్మానం చేశారు. ఎవరినీ అడక్కుండా ఖర్చు పెట్టొచ్చు. వారానికోసారి కోశాధికారి వోచర్లు చూసి, తగ్గిన మొత్తం నింపుతారు. వోచర్ మీద కేసు నంబరే తప్ప పేరుండదు.

కొండకు పోయొస్తామని చెప్పి వేరే జిల్లాల నుంచి ఇల్లు వదిలి వచ్చేవాళ్లూ ఉంటారు. "మీ ఊరి కోర్టుకే పోవాలమ్మా" అని వాళ్లను తిప్పి పంపడం పెద్ద పొరపాటు. 2005 గృహహింస చట్టం 27వ సెక్షన్ ప్రకారం, బాధితురాలు తాత్కాలికంగా ఉంటున్న చోట కూడా మేజిస్ట్రేటు దగ్గర దరఖాస్తు పెట్టుకోవచ్చు. బోర్డులోని లాయరు ఈ మాటను మొదటి రోజు నింపే ఫారం మీదే అచ్చు వేయించారు. దరఖాస్తులో షెల్టర్ చిరునామా రాస్తే అది భర్త చేతికి పోతుంది కాబట్టి, లాయరు ఆఫీసు చిరునామా ఇస్తారు. సంస్థను అదే చట్టం 10వ సెక్షన్ కింద సర్వీస్ ప్రొవైడరుగా, అంటే బాధితులకు సాయం చేసే గుర్తింపు పొందిన సంస్థగా, రిజిస్టరు చేయించారు. బాధితురాలు కోరితే గృహహింస నివేదికను సిబ్బందే రాసి మేజిస్ట్రేటుకు, ప్రొటెక్షన్ ఆఫీసరుకు (ఈ చట్టం కింద బాధితులకు సాయపడేందుకు ప్రభుత్వం నియమించే అధికారి) పంపగలరు.

లోపాలు మాత్రం చిన్నవేం కావు. ఒకరిద్దరు సభ్యులకు రాజీ మీద మక్కువ. "పిల్లల మొహం చూసైనా సర్దుకోమ్మా" అంటూ భర్తను ఆఫీసుకు పిలిపిస్తారు. పంచాయితీ చేయడం బోర్డు పని కానే కాదు. 14వ సెక్షన్ కింద కౌన్సెలింగుకు పంపే అధికారం మేజిస్ట్రేటుది. పైగా పిలిపించగానే ఆమె ఎవరి అండలో ఉందో అతనికి తెలిసిపోతుంది. తిరిగి వెళ్లేటప్పుడు వెంబడిస్తే షెల్టరూ తెలుస్తుంది. దీన్ని వెంటనే ఆపాలి.

మినిట్స్‌లో, అంటే బోర్డు సమావేశాల చర్చలు నమోదు చేసే పుస్తకంలో, బాధితురాలి ఊరు, వృత్తి, పిల్లల వయసు రాస్తున్నారు. పేరు లేకపోయినా, మనిషిని పోల్చుకోవడానికి ఆ మూడు చాలు. ఆ పుస్తకం ఆడిటరు కూడా చూస్తారు. కేసు వివరాలు కౌన్సెలరు ఫైలు దాటకూడదు. ఎంతమంది వచ్చారు, ఎన్నాళ్లున్నారు, ఎంత ఖర్చయింది అన్నవి తెలిస్తే బోర్డుకు సరిపోతుంది. నిందితుడు ఎవరైనా సభ్యుడికి బంధువో వ్యాపార భాగస్వామో అయితే ఏం చేయాలో రాతపూర్వక నియమం లేదు. చర్చ మొదలయ్యేలోపే ఆ సంగతి చెప్పి గది బయటికి వెళ్లాలి, వెళ్లినట్టు మినిట్స్‌లో నమోదు కావాలి.

విరాళాల లెక్క శుభ్రంగా ఉంది. 2,000 రూపాయలు దాటిన నగదు విరాళానికి ఆదాయపు పన్ను మినహాయింపు రాదని దాతలకు ముందే చెబుతారు. దాతల పక్కన ఆశ్రితులను నిలబెట్టి ఫొటోలు తీయరు. ఇందుకు దండం పెట్టాలి.

బ్రహ్మోత్సవాల రోజుల్లో మాత్రం చెక్కు కదలదు. సంతకం పెట్టే ఇద్దరిలో ఒకరు దొరకరు. మందుల షాపు బాకీ, కిరాణా బాకీ నిలిచిపోతాయి. ముగ్గురిలో ఏ ఇద్దరు సంతకం చేసినా చెల్లేలా బ్యాంకుకు తీర్మానం ఇస్తే సరిపోతుంది. వచ్చే ఉత్సవాలలోపే ఆ పని చేయాలి.