అమెరికాలో ఎంఎస్: స్ప్రింగ్‌కి (జనవరి సెమిస్టర్) వెళ్లిపోవాలా, ఫాల్‌కి (ఆగస్టు సెమిస్టర్) డిఫర్ (వాయిదా) చేసుకోవాలా? ఏది మేలు?

వీసా స్లాట్ దొరక్క ఆగస్టు దాటిపోయినవాళ్లు, బ్యాక్‌లాగ్ రిజల్ట్ కోసం ఎదురుచూసి ఫాల్ మిస్సయినవాళ్లు, అడ్మిట్ చేతిలో ఉన్నా లోన్ ఆలస్యమైనవాళ్లు... అందరూ నన్ను అడిగేది ఒకటే. "అన్నా, జనవరిలో వచ్చేయనా, వచ్చే ఆగస్టుకి డిఫర్ చేసుకోనా?" కన్సల్టెన్సీవాళ్లు వచ్చేయమంటారు. అక్కడున్న సీనియర్లేమో "స్ప్రింగ్‌లో ఏమీ ఉండదు, ఫాల్‌కే రా" అంటారు. నేను చెప్పేది అమెరికాలోని పెద్ద స్టేట్ యూనివర్సిటీల్లో కంప్యూటర్ సైన్స్ లాంటి స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్) ఎంఎస్‌ల గురించి మాత్రమే.

చలి, టికెట్ ధర, ఫ్రెండ్స్ ఎప్పుడు వస్తున్నారు అనేవి తర్వాత చూసుకోవచ్చు. ముందు తేల్చుకోవాల్సింది సమ్మర్ ఇంటర్న్‌షిప్ సంగతి.

సీపీటీ (చదువుతుండగానే ఇంటర్న్‌షిప్ లాంటి పని చేసుకోవడానికి ఇచ్చే అనుమతి) మీద బయట పనిచేయాలంటే ఒక పూర్తి అకడమిక్ ఇయర్ ఫుల్‌టైమ్‌గా చదివి ఉండాలి. మామూలుగా దీన్ని రెండు రెగ్యులర్ సెమిస్టర్లుగా లెక్కేస్తారు. ఇప్పుడు ఇద్దరిని తీసుకోండి. ఒకరు 2027 జనవరిలో చేరారు. ఇంకొకరు అదే అడ్మిట్‌ని 2027 ఆగస్టుకి జరుపుకున్నారు. జనవరి మనిషికి మే నాటికి ఒక్క సెమిస్టరే అవుతుంది కాబట్టి 2027 సమ్మర్‌లో సీపీటీ రాదు. సీనియర్లు "స్ప్రింగ్‌లో సమ్మర్ పోతుంది" అనేది దీన్ని చూసే. కానీ ఆగస్టు మనిషి ఆ సమ్మర్‌కి ఇంకా ఇండియాలోనే ఉంటారు కదా! ఇద్దరికీ దొరికే మొదటి సమ్మర్ 2028దే. అంటే 2027 సెప్టెంబర్ కెరీర్ ఫెయిర్‌లో ఇద్దరూ ఒకే క్యూలో, ఒకే ఇంటర్న్‌షిప్‌ల కోసం నిలబడతారు.

ఆ క్యూలో తేడా బాగా కనిపిస్తుంది. ఆగస్టులో దిగినవాళ్లకి అప్పటికి క్లాసులు మొదలై మూడు నాలుగు వారాలు అయి ఉంటుంది. ఇంటికి పరుపు కూడా కొని ఉండరు, రెజ్యూమెలో బీటెక్ ప్రాజెక్టే ఉంటుంది. పెద్ద కంపెనీల ఆన్‌లైన్ టెస్టులు కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే వస్తాయి, కొన్ని ఇంకా ముందే. జనవరిలో వచ్చినవాళ్ల చేతిలో అప్పటికి ఒక సెమిస్టర్ గ్రేడ్లు, క్లాసులో చేసిన ఒకటి రెండు ప్రాజెక్టులు ఉంటాయి. పేరు పెట్టి పిలిచే ప్రొఫెసర్ ఒకరైనా ఉంటారు. సమ్మర్ అంతా ఖాళీ కాబట్టి లీట్‌కోడ్ (కోడింగ్ ఇంటర్వ్యూలకి ప్రాక్టీస్ చేసే సైట్) తీరిగ్గా చేసుకుని ఉంటారు. క్లాసులు జరిగేటప్పుడు క్యాంపస్ జాబ్ వారానికి 20 గంటలే, సెలవుల్లో ఫుల్‌టైమ్ చేయొచ్చు. దొరికితే అదొక ఆసరా. నా మొగ్గు స్ప్రింగ్ వైపు ఉండటానికి కారణం ఇదే.

అయితే క్రెడిట్ల లెక్క కూడా చూసుకోవాలి. 30 క్రెడిట్ల (మామూలుగా కోర్సుకి మూడు చొప్పున పది కోర్సుల) ప్రోగ్రామ్‌ని స్ప్రింగ్‌లో మొదలుపెట్టి గబగబా లాగించేస్తే స్ప్రింగ్, ఫాల్, స్ప్రింగ్‌తో 2028 మేకి అయిపోతుంది, ఇంటర్న్‌షిప్ చేసే సమ్మర్ ఇక మిగలదు. తొందరపడి నాలుగేసి కోర్సులు తీసుకోకండి. 9, 9, 9 తీసుకుని చివరి కోర్సు ఒక్కటి 2028 ఫాల్‌కి ఉంచుకోండి. ఆఖరి సెమిస్టర్‌లో తక్కువ క్రెడిట్లతో ఉండటానికి ఇంటర్నేషనల్ ఆఫీస్ అనుమతి ఇస్తుంది, ముందే అడిగి పెట్టుకోవాలి. యూటీ డాలస్ ఎంఎస్ సీఎస్ లాంటి 33 క్రెడిట్ల ప్రోగ్రామ్‌లో మిగిలేవి ఆరు, అదీ డిసెంబర్‌కి సరిపోతుంది.

ఫాల్ గెలిచేచోట్లు కూడా ఉన్నాయి. కొన్ని డిపార్ట్‌మెంట్లు కోర్ కోర్సులని ఏడాదికి ఒక్కసారే, ఫాల్‌లోనే పెడతాయి. వాటి మీద ఆధారపడ్డ అడ్వాన్స్‌డ్ కోర్సులు స్ప్రింగ్‌లో వస్తాయి. అలాంటిచోట జనవరిలో చేరితే మొదటి సెమిస్టర్‌లో దొరికిందేదో తీసుకోవాలి. గత రెండేళ్ల కోర్సు షెడ్యూల్స్ యూనివర్సిటీ సైట్‌లో ఉంటాయి, పది నిమిషాలు పెట్టి చూడండి. టీఏ (టీచింగ్ అసిస్టెంట్) పోస్టులూ, స్కాలర్‌షిప్పులూ ఎక్కువగా ఫాల్ బ్యాచ్‌ని దృష్టిలో పెట్టుకునే పంచుతారు. మీకు ఫాల్‌కి స్కాలర్‌షిప్ ఖాయమైతే ఆ డబ్బుని వదులుకుని జనవరిలో రమ్మని నేను చెప్పను. ఇంకో ఇబ్బంది డిసెంబర్ గ్రాడ్యుయేషన్. ఓపీటీని (చదువయ్యాక అమెరికాలో పనిచేయడానికి ఇచ్చే అనుమతి) ప్రోగ్రామ్ ముగిసిన 60 రోజుల్లోపే మొదలుపెట్టాలి, ఆ తర్వాత ఉద్యోగం లేకుండా ఉండగలిగేది 90 రోజులు. డిసెంబర్ మధ్యలో చదువు ముగిస్తే ఎంత లాగినా మే మధ్య వరకే. కంపెనీ జూలైలో జాయిన్ అవమంటే కుదరదు, ముందు తేదీ అడగాల్సిందే. 36 క్రెడిట్ల ప్రోగ్రామ్‌లో ఫాల్‌లో చేరినవాళ్లు మేలో బయటికి వస్తారు కాబట్టి వాళ్లకి ఈ టెన్షన్ తక్కువ. ఖర్చు సంగతి కూడా దాచను: సంపాదన లేని 2027 సమ్మర్‌లో అద్దె, తిండి మీ జేబులోంచే.

సమ్మర్ ఇన్‌టేక్ గురించి అడిగేవాళ్లకి: కోర్సులు తక్కువ, మొదటి టర్మ్ కాబట్టి ఫుల్‌టైమ్ తప్పదు. వదిలేయండి. మొదటి రోజే సీపీటీ ఇస్తామనే కాలేజీల జోలికి అసలు పోకండి.

స్ప్రింగ్ అనుకున్నవాళ్లకి రెండు మూడు పనులు. పాత స్టూడెంట్లు అక్టోబర్, నవంబర్‌లలోనే రిజిస్టర్ చేసుకుని మంచి కోర్సుల సీట్లు పట్టేస్తారు. మీ అకౌంట్ మీద హోల్డ్ (రిజిస్టర్ కానివ్వకుండా యూనివర్సిటీ పెట్టే అడ్డు) ఏదైనా ఉంటే మిగిలినవి కూడా దొరకవు. టెక్సాస్‌లో 22 ఏళ్లలోపు వాళ్లు సెమిస్టర్‌కి కనీసం 10 రోజుల ముందే మెనింజైటిస్ టీకా వేయించుకుని ఉండాలి, ఆ కాగితం అప్‌లోడ్ చేసి హోల్డ్ తీయించుకోండి. వెయిట్‌లిస్ట్‌లో ఉన్నా మొదటి వారం క్లాసుకి వెళ్లి కూర్చోండి, యాడ్-డ్రాప్ (కోర్సులు మార్చుకునే) రోజుల్లో చాలామంది జారుకుంటారు. ఐ-20లో (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం) ఉన్న ప్రారంభ తేదీకి 30 రోజుల ముందు నుంచే దేశంలోకి రానిస్తారు, కానీ క్రిస్మస్‌కీ న్యూ ఇయర్‌కీ మధ్య దిగితే ఆఫీసులు మూసి ఉంటాయి, క్యాంపస్ బస్సులు తక్కువ తిరుగుతాయి. జనవరి మొదటి వారమే నయం. ఇల్లు మాత్రం ఫాల్ కంటే తేలిక. డిసెంబర్‌లో చదువైపోయి వెళ్లేవాళ్లు లీజు మధ్యలో వదల్లేక సబ్‌లీజుకి మనుషుల కోసం వెతుకుతుంటారు, బేరమాడితే మంచం, టేబుల్ కూడా వదిలి వెళ్తారు.