పోయే ముందు ఏం రాసిపెడతాయి: విమ్, నానో, ఈమ్యాక్స్‌లకు సిగ్నళ్ల పరీక్ష

టెక్స్ట్ ఎడిటర్ల సమీక్షలు చాలావరకు రంగుల థీముల దగ్గర మొదలై ప్లగిన్ల దగ్గర ఆగిపోతాయి. పని మధ్యలో ఎడిటర్ ప్రాణం పోతే మనం టైపు చేసినది ఏమవుతుందో ఎవరూ రాయరు. నాకు కావలసింది అదే. నేను రాజమహేంద్రవరంలో ఇంట్లో కూర్చుని వేరే ఊళ్లలోని లినక్స్ సర్వర్లు చూసుకుంటాను. పనంతా ఎస్ఎస్‌హెచ్ మీదే, అంటే దూరపు కంప్యూటర్‌లోకి లాగిన్ అయ్యే లైను మీదే, నడుస్తుంది. గాలివాన వచ్చిందంటే ముందు కరెంటు పోతుంది, ఇన్వర్టర్ అందుకునేలోపు రూటర్ ఒకసారి ఆరి వెలుగుతుంది. అవతల సర్వర్‌లో సగం మార్చిన కాన్ఫిగరేషన్ ఫైలు తెరిచే ఉంటుంది.

అందుకని డెబియన్ 12తో వచ్చే విమ్ 9.0, నానో 7.2, ఈమ్యాక్స్ 28.2 మూడింటినీ పరీక్షకు కూర్చోబెట్టాను. ఒక టెర్మినల్‌లో ‘జాబితా’ అనే ఫైలు తెరిచి, సేవ్ చేయకుండా కొన్ని తెలుగు వాక్యాలు టైపు చేస్తాను. రెండో టెర్మినల్ నుంచి కిల్ కమాండుతో సిగ్నల్ పంపుతాను. ఆ తరవాత ఫోల్డర్‌లో ఏం మిగిలిందో చూస్తాను.

కిల్ అనే పేరు చూసి కంగారు పడనక్కరలేదు, అది నడుస్తున్న ప్రోగ్రాముకు సిగ్నల్, అంటే ఒక చిన్న కబురు, పంపే కమాండు, అంతే. నంబరు చెప్పకపోతే 15 వెళుతుంది, అదే టర్మ్: సర్దుకుని బయలుదేరమని చెప్పడం. సర్వర్ రీబూట్ అయ్యేటప్పుడు, ప్రోగ్రాములను మొదలుపెట్టి ఆపే సిస్టమ్‌డీ ముందు పంపేది ఇదే. మామూలు సెట్టింగుల్లో 90 సెకన్లు ఆగి, అప్పటికీ కదలనివారికి 9 పంపుతుంది. 1 అంటే హప్, టెర్మినల్ తెగిపోయిందన్న కబురు. 9 అంటే కిల్. దాన్ని ఏ ప్రోగ్రామూ పట్టుకోలేదు, ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ అయిన కెర్నెల్ నేరుగా ప్రాసెస్‌ను, అంటే నడుస్తున్న ప్రోగ్రామును, తీసేస్తుంది.

విమ్‌కు టర్మ్ పంపాను. ప్రాణాంతకమైన సిగ్నల్ అందిందని ఒక వరుస, ఫైళ్లను భద్రపరుస్తున్నానని ఇంకో వరుస, ముగిసిందని మరొకటి. ఆస్పత్రి బులెటిన్‌లా మూడే ముక్కలు. అసలు ఫైలును ముట్టుకోలేదు. పక్కన చుక్కతో మొదలయ్యే ‘.జాబితా.ఎస్‌డబ్ల్యూపీ’ అనే స్వాప్ ఫైలు మిగిలింది, సేవ్ చేయని మార్పులను విమ్ దాచుకునేది అందులోనే. హప్‌కూ ఇదే వరస. సర్దుకుంటుండగా ఇంకో సిగ్నల్ పంపితే, రెండోది కూడా వచ్చింది ఇక వెళుతున్నానని చెప్పి పోతుంది. చనిపోతున్నట్టు తెలియజేయడానికి విమ్‌లో ‘డయింగ్’ అని ఒక వేరియబుల్ కూడా ఉంది. దాని వాడకానికి సహాయ పుటల్లో ఇచ్చిన ఉదాహరణ తెర మీద ఒక పొలికేక వేయిస్తుంది. విమ్ సృష్టికర్త బ్రామ్ మూలెనార్ 2023లో కన్నుమూశారు, ఆ కేక మాత్రం సహాయ పుటల్లో అలాగే ఉంది. నేను దాన్ని తెలుగులోకి మార్చి ‘అమ్మో, పోయాను’ అని పెట్టుకున్నాను.

విమ్ గొప్పతనం ఆ మూడు వరుసల్లో లేదు, మళ్లీ లాగిన్ అయినప్పుడు తెలుస్తుంది. నెట్ మెల్లగా చచ్చిపోయినప్పుడు సంగతి సర్వర్‌కు వెంటనే తెలియదు. మామూలు సెట్టింగులతో అయితే గంటల తరబడి తెలియకపోవచ్చు. హప్ రాదు, పాత ఎడిటర్ లోపల అలాగే బతికి ఉంటుంది. మీరు మళ్లీ వచ్చి అదే ఫైలు విమ్‌తో తెరిస్తే ఇ325 అనే పెద్ద హెచ్చరిక అడ్డుపడుతుంది. కొత్తవాళ్లు దాన్ని చూసి హడలిపోతారు గానీ, ఓపికగా చదివితే అందులో అన్నీ ఉన్నాయి: స్వాప్ ఫైలు ఎవరిది, ఏ తేదీది, ఏ ప్రాసెస్ నంబరుది, ఆ ప్రాసెస్ ఇంకా నడుస్తోందా లేదా. నడుస్తోందంటే స్వాప్ ఫైలును తొలగించే ఎంపికను చూపించనే చూపించదు. ఆ జాగ్రత్తకు నమస్కారం పెట్టాలి. నేను అక్కడి నుంచి బయటికి వచ్చి, ఆ నంబరుకే హప్ పంపుతాను. పాతది సర్దుకుని పోతుంది. మళ్లీ తెరిచి రికవర్ ఎంచుకుంటే నా వాక్యాలు ఒత్తులు, గుణింతాలతో సహా దిగాయి.

ఇప్పుడు సణుగుడు. రికవర్ అయ్యాక స్వాప్ ఫైలును మనమే తీసేయాలి. విమ్ ఒక మాట గుర్తుచేస్తుంది గానీ తాను తీయదు. తీయకపోతే రేపు మళ్లీ అదే హెచ్చరిక. పైగా ఆ స్వాప్ ఫైలు విమ్‌కే అర్థమవుతుంది, మామూలు టెక్స్ట్ కాదు. కంట్రోల్-సి సంగతి ఇంకొకటి. అది విమ్‌ను చంపదు, టైపు చేసే స్థితి అయిన ఇన్‌సర్ట్ మోడ్ నుంచి బయటికి తెస్తుంది. ఎస్కేప్‌కూ దీనికీ తేడా లేదనుకునేవారు గమనించాలి: కంట్రోల్-సితో బయటికి వస్తే ఇన్‌సర్ట్‌లీవ్ అనే ఈవెంట్ జరగదు. ఆ ఈవెంట్‌కు ఆటోసేవ్ కట్టుకున్నవాళ్ల పని గోవిందా.

నానో దారి వేరు. టర్మ్ పంపినా హప్ పంపినా, అప్పటిదాకా రాసినదంతా ‘జాబితా.సేవ్’ అనే మామూలు టెక్స్ట్ ఫైలులో పెట్టి, ఎక్కడ పెట్టానో ఒక వరుసలో చెప్పి వెళ్లిపోతుంది. ఆ పేరుతో ఇప్పటికే ఒకటి ఉంటే చివర అంకె చేరుస్తుంది, పాతదాన్ని చెరపదు. రికవరీ కమాండు నేర్చుకోనక్కరలేదు, ఏ ఎడిటర్‌లోనైనా తెరుచుకుంటుంది. కొత్తగా చేరినవారికి నేను ఇప్పటికీ నానోనే చూపిస్తాను.

కానీ అది ఫైలును వదిలే చోటు చూడండి. డెబియన్‌లో ఎన్‌జిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్ తన సైట్స్-ఎనేబుల్డ్ ఫోల్డర్‌లో ఉన్న ప్రతి ఫైలునూ చదువుతుంది, పేరు చివర ఏముందో పట్టించుకోదు. అక్కడ నేరుగా ఫైలు తెరిచి రాస్తుండగా లైను తెగిందనుకోండి. నానో సగం రాసిన ‘డిఫాల్ట్.సేవ్’ను అక్కడే వదులుతుంది. తరవాత ఎప్పుడో ఎవరో సర్వర్ రీలోడ్ చేస్తారు, ఎన్‌జిన్‌ఎక్స్ ఆ సగం ఫైలును కూడా చదివి తప్పు చూపుతుంది. నానో తెరిచిన మనిషికి ఆ సంగతి గుర్తు కూడా ఉండదు. విమ్ స్వాప్ ఫైలు పేరు చుక్కతో మొదలవుతుంది కాబట్టి ఆ గాలింపులో పడదు. అపాచీ అనే మరో వెబ్ సర్వర్‌లో ఈ బెడద లేదు, అది డాట్ కాన్ఫ్ ఫైళ్లనే తీసుకుంటుంది. మరో లోటు: మామూలు సెట్టింగుల్లో నానో తాళం వేయదు. పాత నానో లోపల బతికే ఉండగా అదే ఫైలును రెండో నానోతో తెరిస్తే ఒక్క ముక్క అనదు.

ఈమ్యాక్స్‌ను నేను రోజూ వాడను, కాబట్టి కొద్దిగానే చెబుతాను. టర్మ్, హప్ అందితే హాష్ గుర్తుల మధ్య ‘#జాబితా#’ అని వదిలి పోతుంది. మళ్లీ తెరిచినప్పుడు, దీనికి ఆటోసేవ్ సమాచారం ఉంది, రికవర్ చేసుకోమని కింద వరుసలో మెల్లగా చెబుతుంది. ఆ గొంతు మరీ మెల్లన, వెంటనే టైపు మొదలుపెట్టేవారి కంటికి ఆనదు. నాకు నచ్చినది ఇంకొకటి: ఈమ్యాక్స్ ఏదో లూపులో బిగుసుకుపోతే బయటి నుంచి యూఎస్ఆర్2 సిగ్నల్ పంపవచ్చు. చంపకుండానే, తప్పులు వెతికే డీబగ్గర్ తెరుచుకుని, ఎక్కడ ఇరుక్కుందో చూపిస్తుంది. మిగతా రెండింటిలో పెట్టెలోంచి తీయగానే ఈ సదుపాయం లేదు.

ఇక 9. ఇక్కడ ముందుచూపు ఒక్కటే పనికొస్తుంది, ఎందుకంటే పోయేముందు రాసే వ్యవధి ఉండదు. విమ్ 200 అక్షరాలు టైపు చేసిన ప్రతిసారీ, లేదా 4 సెకన్లు చెయ్యి ఆగినా, స్వాప్ ఫైలులోకి రాసుకుంటుంది. ఈమ్యాక్స్ దాదాపు 300 కీలకు ఒకసారి, లేదా 30 సెకన్లు ఊరుకుంటే రాస్తుంది. నానో మధ్యలో ఏమీ రాయదు. కిల్ మైనస్ 9 కొట్టాక విమ్‌లో చివరి వాక్యం తోక తెగింది, ఈమ్యాక్స్‌లో చివరి పేరా పోయింది, నానోలో సర్వం పోయింది. నేను విమ్‌లో ఆ 4 సెకన్ల గడువును (అప్‌డేట్‌టైమ్) 1000 మిల్లీసెకన్లకు, 200 అక్షరాల లెక్కను (అప్‌డేట్‌కౌంట్) 50కి దించుకున్నాను, తేడా స్పష్టంగా కనిపించింది.

సరదాకు యూనిక్స్ కాలపు పాత ఎడిటర్ ఈడీని కూడా ఒక చూపు చూశాను. యూనిక్స్ తరహా సిస్టమ్‌ల ఉమ్మడి ప్రమాణమైన పోసిక్స్ ప్రకారం అది హప్ అందుకుంటే ‘ఈడీ.హప్’ అనే ఫైలులో రాసిపెట్టాలి, అక్కడ వీలుకాకపోతే హోమ్ డైరెక్టరీలో. కంట్రోల్-సి కొడితే ఒక ప్రశ్నార్థకం పడేసి మళ్లీ పనిలో పడుతుంది. తెర మీద ఒక్కో వరుస చూపించే ఎడిటర్‌కు కూడా ఈ బాధ్యత ఉంది. బ్రౌజర్‌లో నడిచే కొన్ని కొత్త ఎడిటర్లు దీన్ని చూసి సిగ్గుపడాలి.

లైను తెగినా సెషన్‌ను సర్వర్‌లోనే బతికించి ఉంచే టీమక్స్‌లో పని చేస్తే ఈ గొడవే ఉండదు కదా అని ఒక మిత్రుడు అన్నాడు. లైను తెగడం వరకు నిజమే. టీమక్స్ లోపలి ఎడిటర్‌కు హప్ చేరదు, మళ్లీ అతుక్కుంటే కర్సర్ వదిలిన చోటే ఉంటుంది. నేనూ వాడతాను. కానీ 1 జీబీ మెమరీ ఉన్న చిన్న సర్వర్‌లో డేటాబేస్ ఉబ్బి మెమరీ అయిపోయిందంటే కెర్నెల్ ఏదో ఒక ప్రాసెస్‌ను ఎంచుకుని నేరుగా 9 పంపుతుంది. ఆ ఎంపిక టీమక్స్ సర్వర్ మీదే పడితే లోపలి కిటికీలన్నీ ఒక్కసారే మూతపడతాయి. అలాంటి యంత్రాల్లో నేను విమ్ తప్ప వేరేది తెరవను.