జోలియెట్‌లో ట్రక్ ఇన్సూరెన్స్: ఆరేళ్లు కట్టాక నా అనుభవం

2019లో సొంత అథారిటీ, అంటే నా పేరు మీదే సరుకు తోలడానికి ఫెడరల్ అనుమతి, తీసుకున్నప్పటి నుంచి ఒకే కంపెనీ పాలసీ మీద బండి తిప్పుతున్నాను. మొదట ఒక్క ట్రక్, ఇప్పుడు మూడు. ఐదుకి మూడున్నర మార్కులు వేస్తాను, ఆ ఒకటిన్నర ఎక్కడ పోయిందో చెప్పడానికే ఇదంతా.

నా బేస్ ఇల్లినాయ్‌లోని జోలియెట్. షికాగోకి నైరుతిగా, ఐ-80, ఐ-55 హైవేలు కలిసే చోటు. పక్కనే ఎల్‌వుడ్‌లో బీఎన్‌ఎస్‌ఎఫ్ రైల్వే వాళ్ల కంటైనర్ల యార్డు, ఇటు యూనియన్ పసిఫిక్ రైల్వే వాళ్ల గ్లోబల్ 4 యార్డు, మధ్యలో ఎటు చూసినా గిడ్డంగులే. లోడ్లకు కరువు లేదు. ట్రాఫిక్‌కీ, గుద్దుకోవడాలకీ, సరుకు దొంగతనాలకీ కూడా కరువు లేదు, ఇన్సూరెన్స్ వాళ్లు రేటు వేసేటప్పుడు చూసేది ఇదే.

మా నాన్నగారికి విజయవాడ ఆటోనగర్‌లో లారీ ఉండేది. ఇండియాలో థర్డ్ పార్టీ ప్రీమియం బండి బరువును బట్టి ప్రభుత్వం కట్టిన రేటు. 2022 రేట్లలో 40 టన్నులు దాటిన గూడ్స్ బండికి ఏడాదికి 44,242 రూపాయలు, పైన పన్ను. విజయవాడ అయినా వరంగల్ అయినా, నిన్న కొన్న ఓనరైనా పాతికేళ్ల ఓనరైనా అదే. ఆ అలవాటుతో నేను ఇక్కడి ఏజెంటుకి ఫోన్ చేసి రేటెంత అని అడిగితే ఆయన తిరిగి నన్ను ఓ గంటసేపు ప్రశ్నలడిగాడు: బండి రాత్రి ఎక్కడ పెడతావు, ఏ సరుకు, ఎన్ని మైళ్ల దూరం, డ్రైవర్ వయసెంత, సీడీఎల్ (భారీ బండ్ల లైసెన్సు) వచ్చి ఎన్నేళ్లయింది. చివరికి ఒక్క ట్రక్కుకి వచ్చిన అంకె ఏడాదికి 17,800 డాలర్లు. వేరే కంపెనీకి ఐదేళ్లు నడిపాను, ఒక్క టికెట్ లేదు, అయినా అథారిటీ కొత్తది కాబట్టి కొత్త వ్యాపారం కిందే లెక్కేశారు. ఇరవై శాతం ముందు, మిగతాది తొమ్మిది వాయిదాలు.

ఆ డౌన్ పేమెంట్ ఎప్పుడు కట్టాలన్నది ఎవరూ చెప్పలేదు. కంపెనీ వాళ్లు ఇన్సూరెన్స్ ఉందని ప్రభుత్వానికి బీఎంసీ-91ఎక్స్ ఫైలింగ్ పంపాలి, మనం మన తరఫున కోర్టు కాగితాలు అందుకునే ఏజెంటు పేరుతో బీఓసీ-3 వేయించుకోవాలి, అభ్యంతరాల గడువు ముగియాలి, అప్పుడుగాని అథారిటీ యాక్టివ్ కాదు. నేను అప్లికేషన్ వేసిన రోజే హుషారుగా పాలసీ కూడా మొదలుపెట్టించాను. మూడు వారాలు బండి యార్డులో, మీటరు మాత్రం నడుస్తోంది. మీరు ఆ పొరపాటు చేయకండి, గడువు ముగిసే రోజులకి పాలసీ మొదలయ్యేలా చూసుకోండి, ఫైలింగ్‌కి ఆ మాత్రం వ్యవధి ఉంటుంది.

ఎంత తీసుకోవాలన్నది ఇంకో అయోమయం. 10,001 పౌండ్లు, ఆపైన బరువు రేటింగు ఉన్న బండి మీద రాష్ట్రాలు దాటి కిరాయికి మామూలు సరుకు తోలితే, ఫెడరల్ చట్టం అడిగే లయబిలిటీ (మన బండి వల్ల అవతలివాళ్లకి జరిగే నష్టానికి కవరేజీ) 7,50,000 డాలర్లే. ప్రమాదకరమైన సరుకైతే, రకాన్ని బట్టి 10 లక్షలు లేదా 50 లక్షలు. ఆ ఏడున్నర లక్షల అంకె 1980ల నాటిది, ఇప్పటికీ కదల్లేదు. కానీ దాంతో లోడ్ ఇచ్చే బ్రోకర్ నాకు ఒక్కడూ తగల్లేదు. అందరూ 10 లక్షల లయబిలిటీ, లక్ష డాలర్ల కార్గో (సరుకు) కవరేజీ అడుగుతారు. మామూలు సరుకుకి కార్గో ఇన్సూరెన్స్ తప్పనిసరన్న ఫెడరల్ నిబంధన 2011లోనే పోయింది, ఆ సంగతి బ్రోకర్‌కి చెప్పి చూడండి, ఫోన్ పెట్టేస్తాడు.

పాలసీ వెనక ఎంసీఎస్-90 అని ఒక కాగితం ఉంటుంది. చాలామంది దాన్ని అదనపు కవరేజీ అనుకుంటారు, నేనూ అలాగే అనుకున్నాను. అది నాకిచ్చిన రక్షణ కాదు, రోడ్డు మీది జనానికి ఇచ్చిన పూచీ. పాలసీలో లేని బండితో నేను ఎవరినైనా గుద్దితే కంపెనీ బాధితులకి చెల్లించి, ఆ డబ్బు నా దగ్గర వసూలు చేసుకోవచ్చు. సరుకుకీ, నా డ్రైవర్ దెబ్బలకీ దాంతో సంబంధమే లేదు. ఇల్లినాయ్‌లో ఒక్క ఉద్యోగి ఉన్నా వర్కర్స్ కాంప్ (పనిలో దెబ్బ తగిలిన ఉద్యోగికి ఇన్సూరెన్స్) విడిగా తీసుకోవాల్సిందే.

ఇక నా మార్కులు తెగిన చోటు. 2021 జులైలో రీఫర్‌లో, అంటే కూలింగ్ ఉన్న ట్రైలర్‌లో, పెరుగు డబ్బాలు వేసుకుని కొలంబస్ వెళ్తున్నాను. ఇండియానా దాటకముందే కూలింగ్ యూనిట్ ఆగింది. చేరేసరికి లోపల ఉష్ణోగ్రత పెరిగిపోయింది, సరుకు మొత్తం వద్దన్నారు, 31,000 డాలర్ల బిల్లు. నాకు రీఫర్ బ్రేక్‌డౌన్ కవరేజీ ఉంది, టెన్షన్ ఎందుకనుకున్నా. క్లెయిమ్ చూసే కంపెనీ అడ్జస్టర్ అడిగిన మొదటి కాగితం యూనిట్ సర్వీస్ రికార్డు. సర్వీస్ చేయించాను, నిజంగానే చేయించాను, కానీ తెలిసిన మెకానిక్ దగ్గర, నగదు ఇచ్చి, రసీదు లేకుండా. రికార్డు లేకపోతే కవరేజీ లేదని పాలసీలో రాసి ఉంది, 46వ పేజీలో. క్లెయిమ్ కొట్టేశారు. పది నెలలు కట్టాను ఆ డబ్బు. తప్పు సగం నాదే, ఒప్పుకుంటాను. మిగతా సగం, అమ్మేటప్పుడు ప్రీమియం గురించి అరగంట మాట్లాడి ఈ ఒక్క వాక్యం చెప్పని ఏజెన్సీది.

ఆ దెబ్బతో మిగతా పేజీలు కూర్చుని చదివాను, మా ఆవిడ కాఫీ ఇచ్చి ఇదేం పరీక్షకండీ అంది. బండి దగ్గర మనిషి లేనప్పుడు సరుకు పోతే, కంచె, తాళం ఉన్న యార్డులో పెట్టి ఉంటేనే చెల్లిస్తారట. శుక్రవారం లోడ్ ఎత్తి సోమవారం డెలివరీ ఉన్న ప్రతి డ్రైవరూ శనివారం ఇంటి దగ్గరి పార్కింగ్‌లో బండి వదిలే ఊరిది. సరుకు దొంగతనాల్లో ఇల్లినాయ్ దేశంలో ముందు వరసలో ఉంటుంది. ఇప్పుడు నెలనెలా యార్డుకి అద్దె కడుతున్నాను, అది కూడా ఇన్సూరెన్స్ ఖర్చే అనుకుంటాను.

కంటైనర్లు లాగాలనుకునేవాళ్లకి ఒక ముక్క. యూఐఐఏ ఒప్పందం (కంటైనర్లు, ఛాసిస్‌లు అరువు తీసుకోవడానికి అందరికీ ఉమ్మడి ఒప్పందం), 10 లక్షల లయబిలిటీ, ట్రైలర్ ఇంటర్‌ఛేంజ్ కవరేజీ (మనం లాగే వేరేవాళ్ల ట్రైలర్‌కి నష్టం జరిగితే) లేకుండా రైలు యార్డు గేటు తెరుచుకోదు. ఒకసారి రెన్యూవల్ అయిన మర్నాడు కొత్త ఇన్సూరెన్స్ సర్టిఫికెట్ సిస్టంలో ఎక్కలేదని మా బండిని గేటు దగ్గరే వెనక్కి పంపారు. అయితే ఇక్కడ ఏజెన్సీని మెచ్చుకోవాలి, రెండు గంటల్లో సరిచేశారు. ఎంత రాత్రయినా బ్రోకర్ పేరుతో సర్టిఫికెట్ అడిగితే ఆన్‌లైన్‌లో నిమిషంలో వస్తుంది. ఆరేళ్లు వీళ్లని వదలకపోవడానికి అదే పెద్ద కారణం.

ఇంకో కారణం 2022 జనవరి. మంచులో ఐ-80 మీద ఒక పికప్ వెనకనుంచి వచ్చి ట్రైలర్ కింద దూరింది. అవతలివాళ్లు నేను ఉన్నట్టుండి బ్రేక్ వేశానన్నారు. డాష్‌క్యామ్ వీడియో పంపాను, రెండు వారాల్లో తప్పు నాది కాదని తేలింది. టోయింగ్ కంపెనీ వేసిన 9,400 డాలర్ల బిల్లు మీద కూడా అడ్జస్టరే పోట్లాడి తగ్గించాడు. కొత్త ట్రక్ కొన్నప్పుడల్లా అరోరా బాలాజీ గుడికి తీసుకెళ్లి పూజ చేయించి టైర్ల కింద నిమ్మకాయలు పెడతాం, కానీ రేటు వేసే అండర్‌రైటర్ నిమ్మకాయలకి డిస్కౌంట్ ఇవ్వడు, కెమెరాకి ఇస్తాడు.

ధర సంగతి: మూడో ఏడాదికి ట్రక్కుకి 13,600కి దిగింది. 2023లో క్లెయిమ్ ఒక్కటీ లేకుండానే 15,500 అయింది. ఆ ఏడాది పరిశ్రమ మొత్తం మీద ఇన్సూరెన్స్ ఖర్చు 12.5 శాతం పెరిగి మైలుకి 9.9 సెంట్లకి చేరిందని ట్రక్కింగ్ పరిశోధన సంస్థ ఏటీఆర్‌ఐ లెక్క, అంటే నా ఒక్కడి మీద పగేమీ లేదు. కోర్టు తీర్పులు అలా ఉన్నాయి మరి. 2024లో సెయింట్ లూయిస్ జ్యూరీ ఒక ప్రమాదం కేసులో ట్రైలర్ తయారీదారు వాబాష్ మీద 46.2 కోట్ల డాలర్లు వేసింది, తర్వాత తగ్గించారనుకోండి. అలాంటి వార్త వచ్చినప్పుడల్లా మూడు ట్రక్కుల నాలాంటివాడి రెన్యూవల్ కాగితం కూడా బరువెక్కుతుంది.

డ్రైవర్ల విషయంలో మాత్రం వీళ్లు మొండి. మా బావమరిది సీడీఎల్ తెచ్చుకుని వచ్చాడు, రెండేళ్ల అనుభవం లేదని పాలసీలో చేర్చుకోలేదు. పాపం వేరేవాళ్ల దగ్గర రెండేళ్లు తోలి వచ్చాడు, ఇప్పుడు మూడో బండి వాడిదే.

వచ్చే నెల మళ్లీ రెన్యూవల్. ఐదేళ్ల లాస్ రన్స్ (క్లెయిముల చరిత్ర) రెండు నెలల ముందే తెప్పించి ఇంకో ఇద్దరు ఏజెంట్లకి ఇచ్చాను. లయబిలిటీ ఇక్కడే ఉంచుతాను, కార్గో మాత్రం మారుస్తానేమో. కొత్త కంపెనీ కోట్ 600 డాలర్లు ఎక్కువే. రీఫర్ సర్వీస్ గురించి ఏం రాశారో చూద్దామని పాలసీ నమూనా పూర్తిగా పంపమన్నాను, ఇంకా పంపలేదు.