హోల్ అన్నచోట నిజంగా హోలే ఉందా? ఫైమ్యాప్ టెస్టు స్క్రిప్టుపై సమీక్ష

ఎక్స్‌ఎఫ్‌ఎస్‌టెస్ట్స్ అనే ఫైల్ సిస్టమ్ (డిస్కులో ఫైళ్లను సర్దే వ్యవస్థ) టెస్టుల సంకలనంలో జెనెరిక్ 225 అని ఒక చిన్న స్క్రిప్టు ఉంది. ఫైల్లో ఎక్కడ డేటా ఉంది, ఎక్కడ హోల్ (ఏమీ రాయని ఖాళీ జాగా) ఉంది అని కెర్నల్, అంటే లైనక్స్ గుండెకాయ లాంటి ప్రోగ్రామ్, చెప్పే జవాబు సరైనదేనా అని ఇది చూస్తుంది. కెర్నల్ రాసేవాళ్లకు ఇది వందల టెస్టుల్లో ఒకటి. నాలాంటి వాడుకరులు దీన్ని విడిగా నడపడం తక్కువ. నేను మాత్రం కొన్నేళ్లుగా, కెర్నల్ మారిన ప్రతిసారీ, కొత్త బాక్సు చేతికొచ్చిన ప్రతిసారీ దీన్ని నడుపుతున్నాను.

నా పని నెల్లూరులో స్టూడియోలకు, పెన్న అవతల కోవూరు వైపు రైస్ మిల్లులకు లైనక్స్ స్టోరేజ్ బాక్సులు పెట్టడం, వాటి బ్యాకప్ చూసుకోవడం. స్టూడియోల గొడవ పెద్ద పెద్ద పెళ్లి వీడియోలు. మిల్లుల గొడవ వేరు. లెక్కల సాఫ్ట్‌వేర్ ఒక వర్చువల్ మెషిన్‌లో నడుస్తుంటుంది. దాని డిస్కు ఫైలు సైజు చూస్తే 200 జీబీ, లోపల నిజంగా ఉన్న డేటా 40 జీబీ కూడా ఉండదు. మిగతాదంతా హోల్. బ్యాకప్ ప్రోగ్రామ్ ఆ హోల్స్‌ని వదిలేసి డేటా ఉన్న ముక్కల్నే కాపీ చేస్తుంది. ఏది డేటా, ఏది హోల్ అన్నది దానికి కెర్నలే చెప్పాలి. కెర్నల్ డేటా ఉన్నచోటును హోల్ అని చెప్పిందంటే బ్యాకప్‌లో అక్కడ సున్నాలు పడతాయి. ఎర్రర్ రాదు, లాగ్‌లో ఏమీ ఉండదు. రీస్టోర్ చేసిన రోజున మిల్లు గుమాస్తా ముందు బయటపడుతుంది. ఈ టెన్షన్ వల్లే ఈ టెస్టు దాకా వచ్చాను.

ఆ అడిగే పద్ధతి పేరు ఫైమ్యాప్. 2008 చివర్లో వచ్చిన 2.6.28 కెర్నల్‌తో లైనక్స్‌లోకి వచ్చింది. అంతకుముందు ఫిబ్‌మ్యాప్ అనే పాత కాల్ ఉండేది. దానికి రూట్ అధికారం కావాలి, పైగా ఒక్కో బ్లాకుకి (డిస్కులో చోటు కేటాయించే చిన్న ముక్కకి) ఒక్కో ప్రశ్న వేయాలి. 4 కేబీ బ్లాకులతో 100 జీబీ ఫైలంటే 2.6 కోట్ల ప్రశ్నలు. ఫైమ్యాప్ అయితే వరసగా ఉన్న బ్లాకులన్నీ కలిపి ఒక ఎక్స్‌టెంట్‌గా చెబుతుంది: ఫైల్లో ఎక్కడ మొదలు, డిస్కులో ఎక్కడ, పొడవెంత, దాని గుణమేంటి. ముందే కేటాయించి ఇంకా రాయనిదా, ఇంకో ఫైలుతో పంచుకున్నదా, అసలు డిస్కులో చోటే ఖరారు కాలేదా అన్నవి ఫ్లాగుల్లో, అంటే జవాబుతో వచ్చే గుర్తుల్లో, తెలుస్తాయి. ఫైల్‌ఫ్రాగ్ కమాండు మనకు చూపించేది ఈ జవాబునే.

ఇక 225 సంగతి. స్క్రిప్టు పైపైన చిన్నదే. అసలు పని చేసేది దాని వెనకున్న ఫైమ్యాప్ టెస్టర్ అనే సీ ప్రోగ్రామ్. నాకు బాగా నచ్చింది అది సరిచూసే తీరు. ముందు తానే అక్షరాలతో ఒక మ్యాపు తయారుచేసుకుంటుంది. డి అంటే డేటా, హెచ్ అంటే హోల్, పి అంటే ముందే కేటాయించిన బ్లాకు. ఆ వరస ప్రకారం ఫైలు రాస్తుంది. తర్వాత కెర్నల్‌ని అడిగి, వచ్చిన జవాబును తన అక్షరాలతో బ్లాకు బ్లాకుకీ పోల్చుకుంటుంది. చివరి ఎక్స్‌టెంట్‌కి 'ఇదే ఆఖరు' అనే ఫ్లాగ్ ఉందా లేదా కూడా చూస్తుంది.  మనం ఒక ఫైలు పెట్టి ఫైల్‌ఫ్రాగ్ కొట్టి 'బాగానే ఉందిలే' అనుకోవడానికీ దీనికీ చాలా తేడా ఉంది. సరైన జవాబు ఏంటో దీనికి ముందే తెలుసు.

మ్యాపులు ర్యాండమ్‌గా పుడతాయి, అయినా సీడ్ (ఆ ర్యాండమ్ వరసను నిర్ణయించే మొదటి అంకె) మన చేతిలో ఉంటుంది. ఫెయిలైతే ఏ మ్యాపు దగ్గర ఫెయిలైందో ప్రింటు చేస్తుంది. అవే అక్షరాల్ని మైనస్ ఎమ్ ఆప్షన్‌తో తిరిగి ఇస్తే, అదే ఫైలు మళ్లీ తయారవుతుంది.

దీని విలువ ఒక బాక్సు దగ్గర పూర్తిగా తెలిసింది. అమ్మినవాళ్లు తమ సొంత మార్పులు చేసిన కెర్నల్‌తో పంపారు. 225లో సింక్‌తో (మెమరీలో ఉన్నదాన్ని ముందు డిస్కుకి రాయించి) నడిచే భాగం పాసయింది, సింక్ లేని భాగం ఫెయిలైంది. నా దగ్గర పనిచేసే కుర్రాడు "ఒకటి పాసయింది గదన్నా, ఇంకోసారి కొట్టి చూద్దామా" అన్నాడు. మళ్లీ కొట్టడం ఎందుకని, ప్రింటయిన పొడవాటి మ్యాపు తీసుకుని ఇద్దరం కూర్చున్నాం. ఒక్కో అక్షరం తీసేస్తూ టెస్టర్‌కి ఇస్తూ పోయాం. చివరికి రెండే అక్షరాలు మిగిలాయి: హెచ్, డి. ముందొక హోల్, వెంటనే అప్పుడే రాసిన ఒక డేటా బ్లాకు. సింక్ చేయకుండా అడిగితే ఆ డేటా బ్లాకు జవాబులో లేనే లేదు. ఫైలంతా హోలే అంటోంది ఆ కెర్నల్. ఆ రెండక్షరాలూ, కమాండూ పంపితే అమ్మినవాళ్లు వాదనకు దిగలేదు, సరిచేసిన కెర్నల్ పంపారు. నెలలకొద్దీ ఫోన్లలో నలగాల్సిన విషయం అలా తేలిపోయింది.

ఈ సింక్ గొడవ కొత్తదేం కాదు. చాలా ఫైల్ సిస్టమ్‌లు డేటా రాగానే డిస్కులో చోటు ఇవ్వవు. మెమరీలో ఉంచుకుని, తీరిగ్గా తర్వాత కేటాయిస్తాయి. ఆ మధ్యలో ఎక్స్‌టెంట్లు అడిగితే జవాబు జాగ్రత్తగా రావాలి. 2011లో కోర్‌యుటిల్స్ (లైనక్స్ మామూలు కమాండుల సంకలనం) 8.10తో, ఫైళ్లు కాపీ చేసే సీపీ కమాండు హోల్స్ కనిపెట్టడానికి ఫైమ్యాప్ వాడటం మొదలుపెట్టింది. అప్పుడే రాసిన ఫైళ్లను కాపీ చేస్తే కొన్నిచోట్ల డేటా బదులు సున్నాలు వచ్చాయి. తర్వాతి వెర్షన్‌లో ముందు సింక్ చేయమని అడిగే ఫ్లాగ్ చేర్చారు. 2021లో వచ్చిన 9.0లో ఫైమ్యాప్‌నే పక్కనపెట్టి, తర్వాతి హోల్ ఎక్కడ, తర్వాతి డేటా ఎక్కడ అని అడిగే సీక్ హోల్, సీక్ డేటా పద్ధతికి మారిపోయారు. సీపీ లాంటి కమాండుకే ఇలా జరిగిందంటే, ఈ టెస్టులో సింక్ ఉన్నదీ లేనిదీ రెండూ ఎందుకు ఉండాలో వేరే చెప్పక్కర్లేదు.

ఇంకో ముచ్చటైన విషయం. హోల్ అడిగినచోట ఫైల్ సిస్టమ్ బ్లాకు కేటాయిస్తే టెస్టర్ వెంటనే ఫెయిల్ చేసేయదు. పాత ఫిబ్‌మ్యాప్‌తో ఖాయం చేసుకుని, ఆ బ్లాకులో అన్నీ సున్నాలేనా అని చదివి చూస్తుంది. సున్నాలైతే, మీ ఫైల్ సిస్టమ్ విచిత్రంగా ఉంది, ఇది మీరు కావాలని చేసి ఉండొచ్చు, అందుకే ఒక్కసారే చెబుతున్నాను అనే అర్థం వచ్చే మెసేజ్ ఇచ్చి ముందుకెళ్తుంది. తప్పునీ, తప్పు కాకపోయినా ఫైల్ సిస్టమ్ రాసినవాళ్లకు తెలియాల్సినదాన్నీ ఇంత మర్యాదగా విడదీసిన టెస్టు నేను ఇంకోటి చూడలేదు.

ఇబ్బందులూ ఉన్నాయి. సెటప్ కొత్తవాళ్లకు చిరాకు పుట్టిస్తుంది. టెస్టు డివైస్, స్క్రాచ్ డివైస్ అని రెండు చెప్పాలి. స్క్రాచ్ అని రాసినదాన్ని ఈ సంకలనం అడక్కుండా ఫార్మాట్ చేస్తుంది. కస్టమర్ల డేటా ఉన్న మెషిన్‌లో దీన్ని నడపనే వద్దు. విడిగా ఒక మెషిన్‌లో రెండు ఖాళీ ఫైళ్లు సృష్టించి, లూప్ డివైసులుగా (ఫైలునే డిస్కులా చూపించే పద్ధతిలో) పెట్టుకుంటే చాలు. ఇక ఫలితం చూపించే తీరు: వచ్చిన అవుట్‌పుట్‌ని ముందే ఉన్న అవుట్‌పుట్ ఫైలుతో పోల్చి, తేడా వస్తే 'అవుట్ డాట్ బ్యాడ్' అని ఒక ఫైలు వదులుతుంది. అలవాటు లేనివాళ్లకు అందులో అసలు కారణం దొరకబుచ్చుకోవడం కష్టమే. కారణం పై వరసలో తేటగా వచ్చేలా రాసి ఉంటే ఎంతోమందికి మేలు జరిగేది.

అసలు లోటు వేరే. ఈ టెస్టర్ ఒక్కటే ఫైలు రాసి, ఆపి, అడుగుతుంది. స్టూడియోలో ఇద్దరు ఎడిటర్లు రెండర్ చేస్తుండగా బ్యాకప్ నడిచే పరిస్థితి ఇందులో లేదు. ఫైలు మారుతుండగా వచ్చిన మ్యాపు, చేతికి అందేసరికే పాతబడిపోవచ్చు. దీనికి నేను వేరే చిన్న స్క్రిప్టు రాసుకున్నాను. ఒకవైపు ఫైలు రాస్తూ, ఇంకోవైపు కాపీ తీస్తూ, చివర్లో చెక్‌సమ్ పోలుస్తుంది. రెండు ఫైళ్లు పంచుకునే ఎక్స్‌టెంట్లను కూడా 225 చూడదు. రీఫ్లింక్ (ఒకే డేటాను రెండు ఫైళ్లు పంచుకునే కాపీ) వాడేవాళ్లు జెనెరిక్ 372 నడపాలి. ముందే కేటాయించిన బ్లాకులకు 094 ఉంది. విడివిడిగా గుర్తుపెట్టుకోవడం ఎందుకనుకుంటే, ఫైమ్యాప్ గ్రూపు మొత్తాన్ని ఒకే కమాండుతో నడపొచ్చు. నేనిప్పుడు అలాగే చేస్తున్నాను.

మీ బ్యాకప్ ప్రోగ్రామ్ హోల్స్ వదిలేసి కాపీ చేసే రకమైతే, కొత్త కెర్నల్ ఎక్కించే ముందు ఇది నడపండి. ఫెయిలైతే ఆ మ్యాపు అక్షరాలు దాచిపెట్టుకుని, ఆ కెర్నల్ సరయ్యేదాకా బ్యాకప్‌ని పూర్తి కాపీ పద్ధతికి మార్చేయండి. చోటు ఎక్కువ పడుతుంది, రాత్రంతా నడుస్తుంది, అయినా మిల్లు లెక్కలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి.